ఆయిలు దీపమును గూర్చి రైతు సోదరులకు మనవి

ఎడ్లజతలో ఒకటి నీరసించినచో, మేత ముట్టని తీరును బట్టియే రైతు దానిని కనిపెట్టును. ఇంజను నోరులేని దానికంటెను నోరులేనిది. దాని ప్రాణాపాయమును తెలుపుటకు ముందుపలకపై ఆయిలు డబ్బా బొమ్మతో వెలుగు చిన్న ఎఱ్ఱదీపమొకటి మాత్రము గలదు. ట్రాక్టరులు, కారులు, సరకుల ఆటోలు రైతుల వాకిళ్లలో నిలిచిన ఈ దినములలో, ఆ దీపము విషయమున మనవారు చేయుచున్న పొరపాట్లను గూర్చి మా అభిప్రాయమును తెలుపుట విధి యని తలచితిమి.

పొరపాట్లు మూడు విధములు. కొందరు దీపము వెలిగినను "సెన్సారు పోయినది, మరేమియు కాదు" అని బండిని నడిపెదరు. దీపము కంటికి బాధగా నున్నదని తీగను ఊడబెరుకువారును గలరు. మరికొందరు వెంటనే ఇంజను విప్పించి, వేల రూపాయలు వెచ్చించి, తుదకు చెడినది సెన్సారొక్కటియే యని తెలిసికొని విచారింతురు. ఇంక కొందరు ఏ పరీక్షయు లేకయే క్రొత్త సెన్సారు బిగించి, దీపము ఆరినది గదా యని తృప్తిపడుదురు. ఈ మూడవ పొరపాటు బుద్ధిమంతుల పనివలె కనిపించుటచే మిక్కిలి ప్రమాదకరమైనది.

ఏలయన, దీపము చెప్పునదేమో ముందు తెలియవలెను. ఇంజను అడుగున నున్న ఆయిలును పంపు పీల్చి, ఫిల్టరు గుండ సన్నని దారులలోనికి త్రోయును. క్రాంకుషాఫ్టు తన బేరింగులలో ఇనుముపై ఇనుముగా తిరుగదు. వెండ్రుకకంటె పలుచనైన ఆయిలు పొరపై తేలుచు తిరుగును. ఒత్తిడి పోయినచో ఆ పొర పోవును. లోహము లోహమును రాచుకొని కాగి, కొలది నిమిషములలో బేరింగు షాఫ్టునకు అంటుకొనిపోవచ్చును. సాధారణపు సెన్సారులో పలుచని పొరయు, స్ప్రింగును ఉండును. ఒత్తిడి లేనప్పుడు లోపలి స్విచ్చి మూసికొని దీపము వెలుగును. ఒత్తిడి పెరిగి పొరను నెట్టినంతనే తెరచుకొని దీపము ఆరును. అనేకమైన కారులలో ఈ స్విచ్చి 0.3 మొదలు 0.5 బార్ వరకు గల ఒత్తిడి వద్ద మారును. అనగా ఒత్తిడి కొంచెము తగ్గినప్పుడు ఈ దీపము పలుకదు. దాదాపు పూర్తిగా పోయిన పిమ్మటనే పలుకును. అది ఆయిలు మట్టమును తెలుపునది కాదు, తొలి హెచ్చరికయు కాదు, తుది హెచ్చరిక.

కావున దీపము వెలిగిన క్షణముననే బండిని ప్రక్కకు దీసి ఇంజను ఆపవలెను. కొంతసేపటికి పుల్లతో ఆయిలు మట్టము చూడవలెను. తగ్గియున్నచో ఎక్కడ కారుచున్నదో చూచి, తయారీదారుడు చెప్పిన రకపు ఆయిలునే పోయవలెను. మట్టము సరిగానుండియు దీపము ఆరనిచో, బండిని మరల నడుపక కట్టి లాగించుకొని పోవుట మేలు.

అటుపిమ్మట విచారణ. తాళము త్రిప్పి, ఇంజను నడువకముందు దీపము వెలుగుచున్నదా యని చూడవలెను. వెలుగనిచో బల్బో, తీగయో పోయినట్లు; కావలివాడు నిద్రించుచున్నట్లు. దీని నెవరును పట్టించుకొనరు గాని, వెలుగవలసినప్పుడు వెలుగని దీపము, ఊరకే వెలుగు దీపము కంటె కీడు చేయును. ఒకే తీగ గల సెన్సారైనచో, తాళము వేసియుంచి ఆ తీగను తీసిచూడుడు. అప్పటికిని దీపము వెలుగుచునే యున్నచో, తీగ తొడుగు చెడి ఎక్కడనో ఇనుమునకు తగులుచున్నది, సెన్సారు నిర్దోషి. దీపము ఆరినచో, సెన్సారైనను అబద్ధమాడుచుండవలెను, లేదా ఒత్తిడియే నిజముగా తగ్గియుండవలెను. ఈ రెంటిలో ఏది నిజమో దీపము చెప్పజాలదు. మూడు తీగలుగల క్రొత్తరకపు సెన్సారులపై మాత్రము ఇట్టి పరీక్షలు చేయరాదు. అవి బండిలోని కంప్యూటరుతో మాటలాడునవి.

ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పు పెద్దమనిషిని మన గ్రామములలో ఎవరును గౌరవింపరు. రెండవ సాక్షి కావలెను. ఆ సాక్షియే చేతి ఒత్తిడి గేజి. సెన్సారును తీసి, ఆ రంధ్రముననే గేజిని బిగించి ఇంజను నడుపవలెను. కొన్ని సెకండ్లలో ముల్లు లేవనిచో వెంటనే ఆపవలెను. లేచినచో ఇంజను బాగుగా కాగువరకు ఉంచి, బండితో వచ్చిన పుస్తకములోని అంకెతో పోల్చవలెను. పుస్తకము లేనప్పుడు, నిమిషమునకు 1000 చుట్లకు సుమారు 10 పౌనుల ఒత్తిడి, అనగా దాదాపు 0.7 బార్, ఉండవలెనను మోటు లెక్కను మెకానిక్కులు వాడుదురు. కాగిన తరువాత చూడవలెనని మేము నొక్కి చెప్పుటకు కారణమున్నది. చల్లని ఆయిలు చిక్కగానుండి ఒత్తిడిని ఎక్కువగా చూపును. అరిగిన బేరింగులుగల ఇంజనుకు చల్లగానున్నప్పుడు క్రొత్త సెన్సారు బిగించినచో దీపము ఆరును. యజమాని సంతోషించి బండి తీసికొనిపోవును. ఎండలో బరువు లాగునప్పుడు అది మరల వెలుగును. అప్పుడు "ఈ సెన్సారు కూడ నకిలీయే" అని తిట్టి నడిపించుట జరుగుచున్నది. ఇంజను మునుగు దారి ఇదియే.

గేజి ఒత్తిడి సరిగానున్నదని చెప్పినచో, అప్పుడు సెన్సారును నిశ్చింతగా మార్చవచ్చును. ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివు తీగను విప్పి, క్రింద గుడ్డయో గిన్నెయో పెట్టి, తగిన పానాతో సెన్సారును త్రిప్పి తీయవలెను. తీగ తగులు చోట ఆయిలు చేరియున్నచో, లోపలి పొర చిరిగినదనుటకు అది గుర్తు. క్రొత్తది అదే బండికి, అదే మరకు, అదే ఒత్తిడికి చెందినదై యుండవలెను. రాగి వాషరు ఉన్నచోట క్రొత్త వాషరు వేయవలెను. తెల్లని టేపును దట్టముగా చుట్టు వాడుక మంచిది కాదు: తునకలు ఆయిలు దారిలో పడవచ్చును, ఇంజను శరీరము ద్వారా ఎర్తు పొందు సెన్సారునకు ఆ స్పర్శయు తప్పవచ్చును. మొదట చేతితో త్రిప్పి, పిమ్మట పానాతో మితముగా బిగింపవలెను. అల్యూమినియము శరీరము అతిబలమునకు పగులును. తుదకు ఇంజను నడిపి, దీపము ఆరుటయు, కారుట లేకుండుటయు, ఆయిలు మట్టమును చూచుకొనవలెను.

"ఇంత చిన్న వస్తువునకు ఇంత తతంగమా? కోతల కాలమున బండి ఆపిన పంట నేల రాలదా?" అని కొందరందురు. వారి కష్టము మాకు తెలియనిది కాదు. మబ్బు పట్టి, కల్లములో ధాన్యము తడియబోవుచుండగా బండి నాపుట గుండె కోతయే. కాని సెన్సారు చెడిన బండి ఒక పూటలో బాగగును. క్రాంకుషాఫ్టు చెడిన బండి కోతలు ముగియువరకు షెడ్డులో నుండును. ఆపినవానికి ఒక పూట నష్టము, ఆపనివానికి ఆ పంటకాలమంతయు నష్టము. కూలికి బండి నడుపు డ్రైవరులను సైతము దీపము చూచి ఆపినందుకు మందలింపరాదు. యజమాని కోపమునకు వెరచియే పలువురు తీగ ఊడబెరుకుచున్నారు.

గేజిని ప్రతి రైతును కొనవలెనని మేము చెప్పము. ఏడాదికి ఒకసారి యైనను అక్కరపడని పనిముట్టు అది. ఒక్కొక్కరికి పుట్టని అప్పు పదుగురు చేరినచో పుట్టుననియే గదా 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ న్యాయమే పనిముట్లకును వర్తించును. సంఘము పక్షమున వేరువేరు మరలకు తగిన బిగింపులతో కూడిన గేజి నొకదానిని కొని, ఎరువుల గిడ్డంగిలో నుంచి, సభ్యులకు పద్దు వ్రాసి ఇచ్చుట మంచిది. పిలిచిన చోటికి పోయి చూపగలవారిని ఇద్దరు యువకులను తర్ఫీదు చేయవలెను. దాని వెల క్రాంకుషాఫ్టును సానబట్టించి బేరింగులు మార్పించు ఖర్చులో కొద్ది పాలు మాత్రమే.

పాలకవర్గమువారు ఈ సంగతిని రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుదురని ఆశించుచున్నాము. అంతవరకు సభ్యులు రేపటి ఉదయము తాళము త్రిప్పినప్పుడు ఆ చిన్న దీపము వెలిగి ఆరుచున్నదో లేదో చూచుకొందురు గాక. దానికి ఖర్చేమియు లేదు.