మూతపడిన సీసపు గని – పరీక్షకు నోచుకోని నేల

పూర్వపు గుంటూరు జిల్లా అనగానే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మాగాణులు స్ఫురిస్తాయి. అదే జిల్లా పడమటి కొసన, నేటి పల్నాడులోని వినుకొండ ప్రాంతంలో, అగ్నిగుండాల ఖనిజ మండలం ఉంది. బండ్లమొట్టు కొండలో సీసం, నల్లకొండలో రాగి నిక్షేపాలు ఉన్నాయి. పూర్వులు తవ్విన గుంతల ఆనవాళ్లు కూడా ఇక్కడ కనిపించాయి. ఆధునిక కాలంలో హిందుస్థాన్ జింక్ సంస్థ బండ్లమొట్టులో సీసపు గనిని నడిపింది. అనంతరం అది మూతపడింది.

గని మూతపడినంత మాత్రాన దాని ప్రభావం ముగిసిందని భావించరాదు. సీసపు ఖనిజమైన గెలీనాను మెత్తగా నూరి, లోహభాగాన్ని వేరుచేయగా మిగిలే పొడిలో కొంత సీసం ఉండిపోతుంది. పురుగుమందుల అవశేషాల వలె అది కాలక్రమేణా విచ్ఛిన్నం కాదు. గాలికి ధూళిగా, వానకు ఒండ్రుగా పొలాలకు చేరగలదు.

ఇక్కడి ఖనిజం డోలమైటు శిలల్లో ఉన్నందున, వాటి క్షారగుణం సీసం కరగకుండా కొంత అడ్డుకుంటుందనే వాదన సమంజసమే. అయితే ఆకుకూరలపై పడే ధూళికి ఈ రక్షణ వర్తించదు. పసిపిల్లల విషయంలో సీసానికి సురక్షిత పరిమితి అంటూ లేదు. కనుక ఊహతో భయపడటమూ, ఊహతో నిశ్చింతగా ఉండటమూ రెండూ తగవు, కొలిచి చూడవలసిందే.

2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకం 12 అంశాలను పరీక్షిస్తుంది. వాటిలో జింకు, రాగి ఉన్నాయి; సీసం లేదు. ఆ రెండింటినీ కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ పరికరంతోనే, తగిన దీపం అమర్చి, సీసాన్నీ కొలవవచ్చు. అన్ని గ్రామాలకూ ఇది అనవసరం. పాత గనుల చుట్టూ ఉన్న గ్రామాలకు మాత్రం తప్పనిసరి చేయాలి.

దిబ్బల నుంచి దూరం పెరిగే కొద్దీ మట్టి, బావినీరు, ఆకుకూరల నమూనాలు సేకరించడం విద్యార్థులకు ఉత్తమ క్షేత్ర పరిశోధన కాగలదు. సీసం అధికమని తేలిన చోట ఆకుకూరలు, దుంపకూరలు మాన్పించడం, సేంద్రియ ఎరువులు, భాస్వరం వాడించడం, దిబ్బలపై వట్టివేరు నాటించడం వంటి సలహాలు ఇవ్వవచ్చు. ఫలితం ఏదైనా ముందుగా రైతుకే తెలియజేయాలి. గని లాభనష్టాల లెక్క ఎన్నడో ముగిసింది. నేల లెక్క తేల్చవలసిన బాధ్యత వ్యవసాయ శాస్త్రానిదే.