తూటా తర్వాత

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ‘1917’ సినిమా. బురద కందకాలు, ఎలుకలు, పరిగెత్తే తెల్ల సైనికులు. కానీ ఆ యుద్ధానికి మన గోదావరి వాళ్లూ వెళ్లారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు కదా, ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది వెళ్లారని ఊరివాళ్ల లెక్క. ఆ ఊరి శౌర్యం మీద యూట్యూబ్‌లో వీడియోలకి కొదవలేదు. నా డౌట్ వేరే. అలా వెళ్లినవాళ్లకి దెబ్బ తగిలితే ఎవరు మోసేవారు? డాక్టర్ దగ్గరికి ఎన్ని రోజులకి చేరేవారు?

పోలవరం వాడికి ఇలాంటి డౌట్ రావడం పెద్ద వింతేం కాదు. వరదొస్తే ఊళ్లకి ఊళ్లే దీవులైపోతాయి. కొండ మీద గూడెం నుంచి మనిషిని డోలీలో దించి, ఏరు దాటించి, ఆ తర్వాతే ఆటో అయినా అంబులెన్స్ అయినా. జబ్బు ఏంటో తెలిసేలోపే సగం ప్రాణం దారిలో పోతుంది.

1914 సెప్టెంబర్ చివర్లో భారత సైన్యం ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగింది. నెల తిరక్కుండానే కందకాల్లోకి దించారు. పైగా చలికాలం. మన దగ్గర నాట్లప్పుడు రోజంతా మడిలో నిలబడితే కాలి వేళ్ల సందులు నాని, తెల్లబడి ఒరుస్తాయి. సాయంత్రం ఇంటికొచ్చి కడుక్కుని నూనె రాసుకుంటే సరిపోతుంది. కందకంలో ఆ సాయంత్రం రాదు. రోజుల తరబడి గడ్డకట్టే నీళ్లలో, బిగించిన బూట్లలోనే కాళ్లు. రక్తం ఆడక పాదం మొద్దుబారుతుంది, వాస్తుంది, ముదిరితే కుళ్లిపోతుంది. అప్పుడిక కోసేయడమే. దీనికి ట్రెంచ్ ఫుట్ అని పేరు పెట్టారు. దీన్ని ఆపింది ఏ గొప్ప మందూ కాదు. పొడి సాక్సులు, తిమింగలం నూనె, రోజూ కాళ్లు చెక్ చేయాలన్న ఆర్డర్, అంతే.

ఫ్రాన్స్‌లో గాయపడిన మనవాళ్ల కోసం ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఏకంగా ఒక రాజభవనాన్నే ఆస్పత్రిగా మార్చారు. ఎక్స్‌రే, ఆపరేషన్ గది, హిందువులకి ముస్లింలకి వేరు వేరు వంటశాలలు, వేరు వేరు కుళాయిలు. ఫొటోలు తీసి ప్రచారం కూడా గట్టిగానే చేసుకున్నారు.

అదే 1915లో ఇరాక్‌లో సీన్ పూర్తిగా వేరు. అప్పట్లో ఆ దేశాన్ని మెసొపొటేమియా అనేవారు. నవంబర్‌లో బాగ్దాద్ దగ్గర టెసిఫాన్‌లో పెద్ద యుద్ధం జరిగింది. వేలల్లో గాయపడ్డారు, ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లని స్ప్రింగులు లేని బండ్లలో ఎడారి మీదుగా కుదుపుకుంటూ టైగ్రిస్ నది దాకా తెచ్చారు. తొడ ఎముక విరిగిన మనిషికి ఒక్కో కుదుపూ ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కణ్నుంచి బస్రాకి పడవలు. వాటి మీద పరుపుల్లేవు, నీడ లేదు, కట్టు మార్చే చెయ్యి లేదు. మెజిదియే అనే స్టీమర్ బస్రా చేరుతుంటే మేజర్ కార్టర్ అనే డాక్టర్ ఒడ్డున నిలబడి చూశాడు. పక్కల నుంచి తాళ్లు వేలాడుతున్నాయనుకున్నాడు. దగ్గరికొచ్చాక తెలిసింది, అవి రక్త విరేచనాలు కారి ఎండిపోయిన చారలని. లేవలేని మనుషులు పడుకున్నచోటే అన్నీ.

కార్టర్ రిపోర్ట్ రాశాడు. పై అధికారులు మెచ్చుకోలేదు సరికదా, అరెస్ట్ చేస్తామని బెదిరించారు. ఆయన వదల్లేదు. చివరికి విచారణ కమిషన్ వేశారు. 1917లో దాని నివేదిక బయటికి రాగానే లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేయాల్సొచ్చింది. నాకైతే ఇది సర్వర్లు పెట్టకుండా యాప్ లాంచ్ చేసిన కథలా కనిపిస్తుంది. ముందుకెళ్లే సైన్యాన్ని లెక్కపెట్టారు, వెనక్కొచ్చేవాళ్లకి ఎన్ని పడవలు కావాలో లెక్కపెట్టలేదు. మా యాప్ పడిపోతే మేనేజర్ తిడతాడు, మనుషులు చావరు.

ఆ తర్వాత కూత్ ముట్టడి, 147 రోజులు. లోపల చిక్కుకున్న బ్రిటిష్ సైనికులకి తెల్ల పిండి రొట్టె వల్ల బెరిబెరి వచ్చింది. (మిల్లు బియ్యం తిన్న మన సర్కారు జిల్లాలకీ ఇది పాత చుట్టమే.) మన సిపాయిలని పొట్టు తీయని గోధుమ పిండి దాన్నుంచి కాపాడింది. కానీ కూరగాయలు లేవు, గుర్రపు మాంసాన్ని చాలామంది చాలాకాలం ముట్టలేదు. దాంతో స్కర్వీ వచ్చింది. చిగుళ్లు వాచి రక్తం కారడం, పాత గాయాలు మళ్లీ తెరుచుకోవడం. 1916 ఏప్రిల్ 29న లొంగిపోయారు.

ఇక పేలు. యూనిఫాం కుట్లలో దూరి కూర్చునేవి. వాటి వల్ల వచ్చే ట్రెంచ్ ఫీవర్‌తో సుమారు 10 లక్షల మంది సైనికులు మంచాన పడ్డారు. ఐదు రోజులకోసారి తిరగబెట్టే జ్వరం, ముంగాలి ఎముకల్లో నొప్పి. అప్పుడు మందు లేదు. ఇప్పుడు డాక్సీసైక్లిన్ వాడతారు. అది టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. 1948లో దాన్ని లోకానికి చూపించిన బెంజమిన్ డగ్గర్ పనిచేసిన అమెరికా లెడర్లే ల్యాబ్‌లో పరిశోధనలకి పెద్ద ఎవరో తెలుసా? భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు.

వందేళ్ల నాటి గొడవ మనకెందుకంటారా? కందకాలు మళ్లీ వచ్చాయి. ఉక్రెయిన్‌లో గాయపడ్డవాణ్ని మోసుకెళ్దామంటే పైన డ్రోన్ చూస్తూ ఉంటుంది. స్ట్రెచర్ పట్టుకున్నవాళ్ల మీదా పడుతుంది. అందుకే చీకటి పడేదాకా, ఒక్కోసారి రోజుల తరబడి ఆగాల్సిందే. రక్తం ఆపడానికి కాలికి బిగించే పట్టీని టోర్నికెట్ అంటారు. రెండు గంటల్లోపు డాక్టర్ చూస్తే కాలు దక్కుతుంది. ఆరేడు గంటలు అలాగే ఉండిపోతే చాలావరకు కాలు తీసేయడమే.

2024 మార్చిలో ఆ యుద్ధంలో ఒక హైదరాబాద్ యువకుడు చనిపోయాడన్న వార్త మీకు గుర్తుండే ఉంటుంది. హెల్పర్ జాబ్ అని చెప్పి రష్యా తీసుకెళ్లారని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆ వెంటనే సీబీఐ పలు నగరాల్లో ఏజెంట్ల ఆఫీసుల్లో సోదాలు చేసింది. సోషల్ మీడియాలో, యూట్యూబ్‌లో మంచి జీతాల ఆశ చూపించి కుర్రాళ్లని పంపారని, అక్కడ ఆయుధాల ట్రైనింగ్ ఇచ్చి యుద్ధంలోకి దించారని, కొందరు తీవ్రంగా గాయపడ్డారని కేసు. తెలంగాణకే చెందిన మరో యువకుడు అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రాణాలతో ఇల్లు చేరాడు.