వాన రోడ్డుకు టైర్లు

మా శనివారం బ్యాచ్‌లో ఎవరి బైకుకి టైర్లు అరిగినా మొదటి ప్రశ్న ఒకటే: "బ్రో, ఏ కంపెనీ వేయించమంటావు?" అక్కణ్ణుంచి ఒకడు మిషెలిన్ అంటాడు, ఇంకొకడు పిరెల్లి అంటాడు, మూడోవాడు యూరప్‌లో ఎవరో తీసిన వీడియో పంపిస్తాడు. రెండు రోజులు వాట్సాప్ గ్రూపు మండిపోతుంది. చివరికి షాపువాడి దగ్గర ఏది ఉంటే అది వేయించుకుని వస్తారు.

నా అభిప్రాయం ఏమిటంటే, కంపెనీ ఏదన్నది అడగాల్సిన ప్రశ్నల్లో నాలుగోదో ఐదోదో. మొదటి ప్రశ్న, మనం నడిపే రోడ్డు ఎప్పుడు ఎలా ఉంటుందని. సైబర్‌జయలో ఉండేవాడికి దానికి సమాధానం చాలా తేలిక. మధ్యాహ్నం దాకా కాలు మోపలేనంత వేడిగా ఉంటుంది. నాలుగింటికి ఉరుముతుంది. ఐదింటికి, సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకి, ఆకాశం కుండపోతగా కుమ్మరిస్తుంది. ఏడాదిలో ఏ నెలైనా ఇంతే. మనకున్నట్టు వానాకాలం, చలికాలం అని వేరువేరుగా లేవిక్కడ. మన వైపు జూన్ దాకా ఆగుదాంలే అనుకోవచ్చు, ఇక్కడ ఆగడానికి తేదీ లేదు.

నా బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న యమహా ట్రేసర్ 900 జీటీ. 847 సీసీ, మూడు సిలిండర్లు, ట్యాంకు నింపితే 227 కిలోలు. స్పోర్ట్ టూరింగ్ అనే జాతి. అంటే వంపుల్లో వాలుతుంది, సామాను పెట్టెలు మోస్తుంది, వెనక కూర్చున్న మనిషిని నాలుగొందల కిలోమీటర్లు నడుం విరక్కుండా తీసుకెళ్తుంది. నా విషయంలో ఆ వెనక మనిషి మా ఆవిడ. క్లయింటు ఆఫీసు కౌలాలంపూర్‌లో కాబట్టి వారానికి మూడు రోజులు హైవే మీద పోయి వస్తాను. నెలకోసారి కెమెరన్ హైలాండ్స్ వైపో, హులు లంగాట్ నుంచి కొండ ఎక్కి కువాలా క్లావాంగ్ వైపో వెళ్తాం. బైకులకి ఇక్కడ దాదాపు ఎక్కడా టోల్ లేదు, ఫెడరల్ హైవే మీదైతే విడిగా దారే వేశారు. బైకువాడికి స్వర్గం అనిపిస్తుంది. కానీ ఈ దేశంలో రోడ్డు మీద పోయే ప్రాణాల్లో సగానికి పైగా బైకుల మీద పోయేవే. ఈ రెండు మాటలూ పక్కపక్కనే పెట్టుకుని టైరు కొనాలి.

రెండు చక్రాలూ నేలని తాకే జాగా కలిపితే రెండు అరచేతులంత ఉంటుంది, అంతే. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, బ్రోషర్లో రాసిన ఇంకో పాతిక సౌకర్యాలూ ఆ రెండు అరచేతుల మీదే ఆధారపడ్డాయి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పైన ఎన్ని లేయర్లు కట్టినా కింద నెట్‌వర్క్ కేబులు ఊడితే అంతా సున్నా.

వాన మొదలైన తొలి పది నిమిషాలు మరీ ప్రమాదం. అప్పటిదాకా రోడ్డుకి పట్టిన నూనె, దుమ్ము, అరిగిన రబ్బరు పొడి తడిసి పైకి తేలి జారుడు పొరలా అవుతాయి. గట్టిగా కురిస్తే కాసేపటికి అది కొట్టుకుపోతుంది. తెల్ల గీతలు, వంతెనల మీద ఇనుప జాయింట్లు మాత్రం వాన ఆగేదాకా జారుతూనే ఉంటాయి. ఇక్కడ మనకి అక్కరకొచ్చేది రెండు సంగతులు. ఒకటి, నీటిని పక్కకు తోసే గాళ్లు. రెండోది, రబ్బరులో కలిపే సిలికా. సిలికా ఎక్కువున్న మిశ్రమం వేడెక్కకపోయినా, తడిలోనూ మెత్తగా ఉండి రోడ్డుని పట్టుకుంటుంది. స్పోర్ట్ టూరింగ్ టైర్లు తయారయ్యేదే ఇందుకు. ట్రాక్ కోసం పుట్టిన సూపర్ స్పోర్ట్ టైర్లకి గాళ్లు తక్కువ, బాగా వేడెక్కితేనే వాటి అసలు గుణం బయటపడుతుంది. వాన ఆ వేడిని క్షణాల్లో లాగేస్తుంది.

మరి మావాళ్లు ట్రాక్ టైర్లే ఎందుకు వేయిస్తారు? సెపాంగ్ సర్క్యూట్ పక్కనే ఉండటం ఒక కారణం అనుకుంటాను. 1999 నుంచి అక్కడ బైకు రేసులు జరుగుతున్నాయి, అవి చూసి వచ్చిన సోమవారం అందరికీ చేతులు దురద పెడతాయి. రెండో కారణం చికెన్ స్ట్రిప్స్. తెలియనివాళ్లకి చెబుతాను. బైకుని పూర్తిగా వాల్చి నడపకపోతే టైరు అంచుల్లో అరగని చార మిగిలిపోతుంది. పిరికివాడి గుర్తు అన్నమాట. టీ కొట్టు దగ్గర బళ్లు ఆపగానే ఒకడు వంగి పక్కవాడి టైరు అంచు చూసి నవ్వుతాడు. ముప్పై దాటి, ఇంటి లోను, పిల్లల స్కూలు ఫీజు ఉన్న మగాళ్లు ఆ వేలెడు చార పోగొట్టుకోవడానికి కొండ దారుల్లో ఎదురుగా లారీ వచ్చే మలుపుల్లో వాల్చడం నేను చూశాను. నా టైర్లకి ఆ చారలు రెండు వైపులా నిక్షేపంగా ఉన్నాయి.

మా బ్యాచ్‌లో ఒక ఒంగోలు కుర్రాడున్నాడు. మంచి రైడర్. నిగనిగలాడే స్పోర్ట్ టైర్లు, నెల కూడా కాలేదు. అప్పుడే మొదలైన వానలో హైవే దిగే ర్యాంపు మీద, తెల్ల గీత దగ్గర, వెనక చక్రం జారింది. కాలర్ బోన్ విరిగింది. టైరు వల్లే పడ్డాడని నేననను, ఏ టైరుతోనైనా పడొచ్చు. కానీ ఆ టైరు ఆ సాయంత్రం కోసం చేసింది కాదని మాత్రం అంటాను. ఇంటికి ఫోన్ చేసి బాత్రూములో జారిపడ్డానని చెప్పాడు. వాళ్లమ్మ నెల రోజులపాటు "నాన్నా, బాత్రూములో మ్యాట్ వేయించావా లేదా" అని అడుగుతూనే ఉంది.

మైలేజీ సంగతికొస్తే, మా నాన్న తరానికి టైరంటే లోపలి నూలు కనబడేదాకా వాడే వస్తువు. చేతక్ స్కూటరుకి ముందుది వెనక్కి, వెనకది స్టెప్నీకి మార్చి మార్చి నడిపిన మనిషి ఆయన. ఆ పొదుపు మీద నాకు గౌరవమే, నా ఇంజినీరింగ్ ఫీజు అందులోంచే వచ్చింది. కానీ ముప్పై ఐదు వేగంతో ఊళ్లో తిరిగే స్కూటరు లెక్క వేరు. ఇక్కడ జత టైర్లకి వెయ్యి రింగిట్లు దాటుతాయి. దాన్ని రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకోవడం ప్రవాసులందరికీ ఉన్న జబ్బే. నేనైతే కిలోమీటరుకి ఎంత పడుతుందని లెక్కేస్తాను. నా వాడకంలో స్పోర్ట్ టూరింగ్ వెనక టైరు పన్నెండు వేల కిలోమీటర్ల దాకా వచ్చింది. అదే దారుల్లో మావాళ్ల స్పోర్ట్ టైర్లు అందులో సగానికే మార్పుకి వచ్చాయి. అంటే వానలో పట్టు ఎక్కువున్న టైరే జేబుకీ తేలిక. ఇలా రెండూ ఒకే వైపు మొగ్గడం జీవితంలో అరుదు, వదులుకోకూడదు.

అయితే అరుగుదల లోతు ఒక్కటే చూస్తే సరిపోదు. హైవే మీద తిన్నగా పోయేవాళ్లకి టైరు నడిమధ్య చదునుగా అరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన టైరు చపాతీ కర్రలా అవుతుంది. అప్పుడు మలుపులో బండి ముందు వాలనని మొరాయిస్తుంది, తర్వాత అంచు దాటగానే ఒక్కసారిగా పడిపోతున్నట్టు వాలుతుంది. గాళ్ల లోపల ఉండే అరుగుదల గుర్తు ఇంకా తగలకపోయినా సరే, ఆ పరిస్థితి వచ్చిందంటే నేను మార్చేస్తాను. దీనికి విరుగుడుగానే కంపెనీలు మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు పెట్టి చేస్తున్నాయి. దాంతో చదునవడం నెమ్మదిస్తుంది, ఆగదు.

టైరు పక్కన రాసి ఉన్నది చదవడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. నా వెనక టైరు మీద 180/55 జడ్‌ఆర్ 17, 73 డబ్ల్యూ అని ఉంటుంది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 55 శాతం, 17 అంగుళాల రిమ్ము. 73 అంటే 365 కిలోల బరువు మోస్తుందని, డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. ఇక్కడి హైవే మీద పరిమితి 110. లావుగా కనిపిస్తుందని 190 వేయించేవాళ్లున్నారు. రిమ్ము వెడల్పు మారకుండా టైరు మారిస్తే దాని ఆకారం నొక్కుకుపోతుంది, ఫొటోలో తప్ప ఎక్కడా లాభం లేదు.

వీటన్నిటికన్నా నేను ముందు చూసేది డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. ఒక షాపులో (పేరు ఎందుకులెండి) మంచి బ్రాండు, మంచి మోడలు, ముప్పై శాతం తగ్గింపు అన్నారు. వంగి చూస్తే నాలుగేళ్ల నాటి సరుకు. రేకుల షెడ్డులో, ఈ ఉక్కలో, నాలుగేళ్లు! రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. "బాస్, కొత్తదే బాస్, గాళ్లు చూడండి" అన్నాడతను. గాళ్లు నిజంగానే కొత్తవే. దండం పెట్టి వచ్చేశాను. రబ్బరు మళ్లీ పోతపోసిన టైర్లు కూడా ఇక్కడ దొరుకుతాయి, "తాయర్ చెలుప్" అంటారు. ఇక్కడి భాషలో టైరు తాయర్ అవుతుంది. నాకు మొదట్లో "తయారు" అని వినిపించి భోజనం రెడీ అయిందేమో అనుకునేవాణ్ణి. ఆ పోతటైరు జోలికి పెద్ద బండివాడు పోకూడదు, అంతకంటే చెప్పడానికేం లేదు.

రబ్బరు మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. మా ఊరి పక్కనున్న పుత్రజయ ఒకప్పుడు ప్రాంగ్ బెసార్ అనే రబ్బరు ఎస్టేటు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన బ్రిటిష్ సైనికులు 1921లో మొదలుపెట్టారు, ఆ పేరుకి అర్థం కూడా మహాయుద్ధం అనే. కేరళ రబ్బరు రైతుని అడిగితే పీబీ 86 అనే మొక్క పేరు చెబుతాడు. ఆ పీబీ ఈ ప్రాంగ్ బెసారే. విశాఖ, గోదావరి, చిత్తూరు వైపుల నుంచి ఓడలెక్కి మలయా వచ్చిన తెలుగువాళ్లు ఇలాంటి తోటల్లోనే చెమటోడ్చారు. మనం ఎయిర్ కండిషన్‌లో కూర్చుని కోడ్ రాసుకునే సైబర్‌జయ 1997లో పుట్టింది. నిన్నమొన్నటి ఊరు. టైరు షాపులో కొత్త రబ్బరు వాసన వచ్చినప్పుడల్లా నాకు ఆ ముందు తరం గుర్తొస్తుంది. నా టైరులో ఎక్కువ భాగం సింథటిక్ రబ్బరే అని తెలిసినా సరే.

ఇక బ్రాండు. మిషెలిన్ రోడ్ 5 (2018), రోడ్ 6 (2022), పిరెల్లి ఏంజెల్ జీటీ 2 (2019), బ్రిడ్జ్‌స్టోన్ టీ32 (2021), మెట్జెలర్ రోడ్‌టెక్ 01. ఇవన్నీ ఒకే తరగతి పిల్లలు. మెట్జెలర్ కూడా పిరెల్లి సొంతమే, కొట్లాడుకునేవాళ్లకి ఆ సంగతి చెప్పినా వినరు. నాలాంటి నడిపేవాడికి వీటి మధ్య తేడా, సరైన గాలి ఉన్న టైరుకీ ఐదు పాయింట్లు తగ్గిన టైరుకీ మధ్య ఉండే తేడా కన్నా చిన్నది. యూరప్ వీడియోల్లో సగం సేపు టైరు చలిలో ఎంత త్వరగా వేడెక్కుతుందో చెబుతారు. 33 డిగ్రీల్లో ఉండే నాకు దాంతో పనేముంది? రోడ్ 6లో బరువు బళ్ల కోసం జీటీ అని వేరే రకం ఉంది. పెద్ద టూరర్లకి అది సరే. పేరులో జీటీ ఉందని నా బండికి వేయిస్తే అనవసరంగా బిరుసవుతుంది.

నేను చివరికి రోడ్ 6 జత తీసుకున్నాను. వానలో బాగుంటుందని పేరు ఉండటం ఒక కారణం, షాపులో ఆరు నెలలు కూడా నిండని సరుకు దొరకడం అంతకన్నా పెద్ద కారణం. టీ32 తాజాది దొరికుంటే అదే వచ్చేది. ముందు టైరులో ఇంకా కొంత ప్రాణం ఉంది, అయినా రెండూ కలిపే మార్చాను. ముందు ఒక మోడలు, వెనక ఇంకొకటి ఉంటే తడిలో ఏది ముందు జారుతుందో మనకి ముందుగా తెలియదు. తర్వాతి వెనక టైరు మార్చేటప్పుడు ఈ ముందు టైరు అలాగే ఉంచుతాను, అదే మోడలు వేస్తాను కాబట్టి.

గాలి ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకుంటాను. పెట్రోలు బంకు దాకా పోయేసరికి టైరు వేడెక్కి అంకె పెరిగి కనిపిస్తుంది, అందుకని ఇంట్లోనే చిన్న గేజి పెట్టుకున్నాను. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది, మొదటి నూట యాభై కిలోమీటర్లు గట్టిగా వాల్చకూడదు, గట్టిగా బ్రేకు వేయకూడదు. ఆ వారం ఊరి చుట్టూ చెరువు పక్క రోడ్ల మీద, ఆరిన రోడ్డు చూసుకుని, రోజుకి ముప్పై చొప్పున తిప్పాను. అది పూర్తయ్యేదాకా మా ఆవిణ్ణి వెనక ఎక్కించుకోలేదు. ఆరో రోజు సాయంత్రం నాలుగున్నరకి మబ్బు పట్టింది. తను రెయిన్ కోటు తీసుకుని కిందికి దిగి, "ఇవాళ చూద్దాం నీ వెయ్యి రింగిట్ల సంగతి" అంది.