శుభ్రమైన నీటిలో చనిపోయిన తోకకప్పలు

సచిన్ అనగానే మన పాఠకులలో చాలామందికి క్రికెట్ ఆట గుర్తుకు రావడం సహజం. మేమిప్పుడు ప్రస్తావించేది ఒక ఊరి సంగతి. సూరత్ నుండి బొంబాయి వైపు పోయే రైలుమార్గంలో ఉధనా, భేస్తాన్ దాటగానే వచ్చే స్టేషను పేరు సచిన్. ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ నవాబులు 1791 మొదలు 1948 వరకు ఏలిన చిన్న సంస్థానమది. నవాబుల కాలం ముగిసింది. ఆ నేలమీద మరమగ్గాలు, అద్దకపు మిల్లులు, రసాయన కర్మాగారాలు వెలిశాయి. గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థవారి పారిశ్రామికవాడ పేరుమీదనే నేడు ఆ ఊరు ప్రసిద్ధికెక్కింది. 2020లో సూరత్ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా సూరత్‌లో ఉన్న విషయం మన పాఠకులకు తెలిసినదే. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతున్నదంటే అక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించుకోవచ్చు.

మన సంస్థలో పనిచేస్తూ సచిన్‌లో కాపురముంటున్న ఒక సహోద్యోగి సతీమణి గత వర్షాకాలంలో మాకొక ఉత్తరం వ్రాశారు. వారి ఇంటి ప్రక్కన ఖాళీ స్థలంలో వాననీరు నిలిచిన గుంట ఒకటి ఉన్నది. మృగశిర కార్తె వెళ్ళి ఆరుద్ర ప్రవేశించేనాటికి అందులో వందలకొద్దీ తోకకప్పలు, అనగా చేపపిల్లల వలె తోకలాడించుకుంటూ తిరిగే కప్పపిల్లలు, కనిపించాయట. ఐదవ తరగతి చదువుతున్న వారి అబ్బాయి పదకొండు పిల్లలను గాజుసీసాలో పట్టి తెచ్చాడు. గుంటనీరు పచ్చగా, మురికిగా ఉన్నదని తల్లిగారు ఆ నీటిని పారబోసి, కొళాయి నీరు నింపారు. నాలుగు మెతుకులు కూడా వేశారు. తెల్లవారేసరికి ఎనిమిది చనిపోయాయి.

"ఆ మురికిగుంటలో హాయిగా బ్రతికినవి, మేము త్రాగే నీటిలో ఎందుకు చనిపోయాయి? మా వాడు నన్ను దోషిని చూసినట్లు చూస్తున్నాడు" అని ఆ సోదరి అడిగారు.

సమాధానం చిన్నది. క్లోరిన్. మన దేశపు త్రాగునీటి ప్రమాణాల ప్రకారం, క్లోరిన్‌తో శుద్ధిచేసిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కలరా, విరేచనాల నుండి మన పిల్లలను కాపాడేది అదే. ఆ క్లోరిన్ మన కడుపులోనికి పోయేసరికి తన శక్తిని కోల్పోతుంది. తోకకప్ప విషయం వేరు. అది నీటిని త్రాగడమే కాదు, నీటిలో ఊపిరి తీస్తుంది. పల్చని మొప్పలు, పల్చని చర్మం దానికి ఊపిరితిత్తులు. మనకు పొలుసు పొలుసులుగా పేరుకున్న చర్మం అడ్డుగోడ. దానికట్టి గోడ లేదు. నీటిలో ఏది కరిగి ఉంటే అది నేరుగా రక్తాన్ని చేరుతుంది. ఇక పచ్చగా కనబడిన మురికిలో అధిక భాగం నాచు. ఆ పిల్లలకదే అన్నం. తల్లిగారు పారబోసినది వాటి భోజనాన్ని. వేసిన మెతుకులు కుళ్ళి, ఉన్న ప్రాణవాయువును కూడా హరించి ఉంటాయి.

ఇందులో ఆమె దోషమేమీ లేదు. ఐతే ఈ సీసాలో ఒక్క రాత్రిలో జరిగినదే ఊరి వెలుపల గుంటలలో, కాలువలలో ప్రతి వానకాలమూ నిదానంగా జరుగుతున్నదన్న సంగతి మమ్మల్ని ఈ నెల శీర్షికకు పురికొల్పింది.

కప్ప జీవితంలో నీటికి పూర్తిగా బందీ ఐన కాలం సుమారు నెల, నెలన్నర. తొలకరికి పసుపు రంగు పులుముకుని బెకబెకలాడే గోదురు కప్ప వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. వాటికి పెంకు ఉండదు, జిగురు పొర మాత్రమే. ఒకటి రెండు రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. అక్కడి నుండి వెనుక కాళ్ళు, ముందు కాళ్ళు, ఊపిరితిత్తులు ఏర్పడి, చుట్లు చుట్లుగా ఉన్న పొడవాటి ప్రేగు కుదించుకుని, తోక కరిగిపోయి, గడ్డి మేసే ప్రాణి పురుగులను వేటాడే ప్రాణిగా మారిపోవాలి. పాఠ్యపుస్తకాలు దీనిని రూపవిక్రియ అంటాయి. ఈ మార్పునంతటినీ నడిపించేది మన గొంతులోనూ ఉన్న అవటు గ్రంథి, అదే థైరాయిడ్. గుడర్నాచ్ అనే శాస్త్రవేత్త 1912లో తోకకప్పలకు గుర్రపు అవటు గ్రంథిని ఆహారంగా పెట్టి, అవి అకాలంలో బుల్లి బుల్లి కప్పలుగా మారిపోవడాన్ని లోకానికి చూపాడు. ఆ గ్రంథిని తొలగిస్తే తోకకప్ప తోకకప్పగానే పెరుగుతూ పోతుంది, ఎన్నటికీ కప్ప కాదు.

కనుక తోకకప్పకు రెండు విధాల ముప్పు. ఒకటి ప్రాణం పోవడం. రెండవది ప్రాణముండి కూడా కప్ప కాలేకపోవడం, లేక వేళకు ముందే కావడం. ఈ రెండవది ఎవరి కంటికీ కనిపించదు. రసాయనాలు అవటు గ్రంథి పనిని చెడగొడతాయా అని పరీక్షించడానికి పారిశ్రామిక దేశాల ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2009లో ఆమోదించిన ప్రామాణిక పద్ధతిలో పరీక్షకు నిలబెట్టేది తోకకప్పనే. ఇరవైయొక్క రోజులపాటు దానిని ఆ రసాయనపు నీటిలో ఉంచి, కాళ్ళు ఎంత పెరిగాయో, గ్రంథి ఎట్లా ఉన్నదో చూస్తారు. మన ఇళ్ళలో థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు తక్కువేమీ కాదు. ఈ ప్రాణికీ మనకూ ఉన్న చుట్టరికం అంత దూరపుది కాదని వారైనా ఒప్పుకుంటారు.

ఇక సచిన్ వద్దకు వద్దాము. సూరత్ పరిసరాలలో కాలువను, చిన్న వాగును ఖాడీ అంటారు. వానకాలంలో వాననీటి కాలువ, ఖాడీ, గుంట అన్నీ ఒకదానిలోనొకటి కలుస్తాయి. సూరత్ బట్ట అంటే ప్రధానంగా పాలియెస్టర్. దానికి పట్టువంటి మెత్తదనం రావడానికి కాస్టిక్ సోడా ద్రావణంలో మరిగించి బరువు తగ్గిస్తారు. ఆ నీరు గాఢమైన క్షారం, పైగా వేడి. సక్రమంగా శుద్ధికేంద్రానికి చేరితే చిక్కులేదు. అట్టి సామూహిక కేంద్రం సచిన్‌లోనూ ఉన్నది. చాటుమాటుగా కాలువలోనికి చేరితేనే చిక్కు. ఇంటి మురుగులో అమోనియా ఎప్పుడూ కొంత ఉంటుంది. నీరు తటస్థంగా ఉన్నంతవరకు దాని విషం అణగి ఉంటుంది. క్షారం తగిలిందా, అదే అమోనియా విషరూపం దాల్చి, మొప్పల గుండా సులువుగా లోనికి చొరబడుతుంది. అంటే ఒక్కొక్కటిగా భరించగలిగిన రెండు మురుగులు కలిసినప్పుడు ప్రాణాంతకమౌతాయి. రంగునీరు సూర్యరశ్మిని అడ్డగించి నాచును ఎదగనీయదు. సేంద్రియ వ్యర్థాలు కుళ్ళుతూ ప్రాణవాయువును హరిస్తాయి. ఇవన్నీ చాలవన్నట్లు వేడినీటిలో ప్రాణవాయువు కరిగేదే తక్కువ.

కాలువలో పారబోసినది ఎవరికీ తగలదనుకునే వారికి 2022 జనవరి 6వ తేదీ తెల్లవారుజాము గుర్తుండాలి. సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుండి రసాయన వ్యర్థాన్ని దొంగతనంగా కాలువలోనికి వదులుతుండగా విషవాయువు వెలువడింది. సమీపంలోని మిల్లులో పనిచేస్తున్న, నిద్రిస్తున్న కార్మికులను అది కమ్ముకున్నది. ఆరుగురు మరణించారు. ఇరవైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. పొట్టచేత పట్టుకుని దూరప్రాంతాల నుండి వచ్చే శ్రామికులతో నిండిన వాడ అది. జాతీయ హరిత న్యాయస్థానం తనంత తానుగా ఆ ఘటనను విచారణకు స్వీకరించింది. ఆ కాలువలో ఆనాడు జలచరాలు ఎన్ని చచ్చాయో లెక్కించినవారు లేరు. మనుషుల చావును తోకకప్పల చావుతో తూచడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. వ్యర్థాన్ని నీటిలో వదలేవాడు ఎవరిని చంపుతున్నాడో ఎంచుకుని చంపడని చెప్పడమే మా ఉద్దేశం.

కర్మాగారాలమీదకే నెపం నెట్టడం కూడా న్యాయం కాదు. సూరత్ చుట్టూ విస్తారంగా చెరకు పండుతుంది. చెరకు, మొక్కజొన్న పొలాలలో కలుపును చంపడానికి వాడే అట్రజిన్ అనే మందుపై అమెరికాలో టైరోన్ హేస్ అనే జీవశాస్త్రజ్ఞుడు 2002లో ఒక పరిశోధన ప్రకటించాడు. అత్యల్ప మోతాదులో ఆ మందు కలిసిన నీటిలో పెరిగిన కప్పలలో లింగ లక్షణాలు తారుమారైనాయని ఆయన వాదన. 2010లో ప్రకటించిన మరొక పరిశోధనలో, జన్యుపరంగా మగవైన కప్పలలో నూటికి పది ఆడకప్పలుగా మారి గుడ్లు కూడా పెట్టాయన్నాడు. తయారీదారులు దీనిని ఖండించారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా 2007లో అట్టి ప్రభావం రుజువు కాలేదన్నది. వివాదం ఇంకా పూర్తిగా తీరలేదు. మా మట్టుకు మాకు, తీరేదాకా మందును కాస్త తక్కువగా చల్లడమే వివేకమనిపిస్తుంది.

ఎండ సంగతి ఇంకొకటి. నీరు వేడెక్కితే తోకకప్ప త్వరగా కప్ప అవుతుంది. వినడానికి బాగానే ఉన్నది కాని, అట్లా తొందరపడి ఒడ్డెక్కిన కప్ప చిన్నదిగా, బలహీనంగా ఉంటుంది. గుంట ఎండిపోతున్నదని గ్రహించినా అది ఇట్లాగే తొందరపడుతుంది. ఆ తొందరకూ ఒక హద్దున్నది. వానకూ వానకూ నడుమ ఎడం పెరిగి, గుంట ఇరవై రోజులకే ఎండితే ఏ తొందరా కాపాడలేదు. ఖాళీ స్థలాలన్నీ సిమెంటు చేసుకుని వాననీటిని గంటలో కాలువలోనికి తరలించే మన అలవాటు కూడా ఎండవంటిదే.

ఇక్కడ మేమొక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. రెండేళ్ళ క్రితం ఇదే శీర్షికలో, దోమల నివారణకై ఇంటి చుట్టూ నిలిచిన ప్రతి నీటిగుంటలోనూ వాడేసిన ఇంజను ఆయిలు పోయమని, లేదా గంబూసియా చేపలను వదలమని సలహా ఇచ్చాము. దోమను మేము తేలికగా తీసుకోము. మలేరియా, డెంగ్యూ జ్వరాలు మన క్వార్టర్లలో ఏయే ఇళ్ళను ఎంత బాధపెట్టాయో మాకు తెలుసు. ఐనా "ప్రతి గుంటలోనూ" అనడం పొరపాటు. నూనె పొర దోమపిల్లతోపాటు గాలికై పైకి వచ్చే తోకకప్పను కూడా ఊపిరాడనీయదు, ఆపై నేలలోనికి ఇంకుతుంది. 1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా దోమపిల్లలతో సరిపెట్టుకోదు, తోకకప్పలను కూడా కొరికి తింటుంది. ఇంకొక విశేషమేమంటే, శ్రీలంకలోని పెరదెనియ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని జాతుల తోకకప్పలు డెంగ్యూ దోమ గుడ్లను తినివేస్తాయని 2013లో ప్రకటించారు. మన గోదురు కప్ప పిల్లలైతే పుట్టుకతో మాంసాహారులు. దోమపిల్లలను వదలవు. అట్లాగని తోకకప్పలున్నచోట దోమలుండవని మేము హామీ ఇవ్వలేము. డెంగ్యూ దోమ పెరిగేది ముఖ్యంగా కూలర్లలో, పాత టైర్లలో, మూతలేని డ్రమ్ములలో. వాటిని వారానికొకసారి ఖాళీచేసి ఆరబెట్టండి. ఇంటి ప్రక్కన గుంటలో దోమ మితిమీరితే మలేరియా విభాగం వారిని పిలవండి. ఇంజను ఆయిలు మాత్రం పోయవద్దు.

వానలు లేనినాడు రోకలికి కప్పను కట్టి, వేపమండలతో ఇల్లిల్లూ తిరిగి కప్పతల్లి ఆట ఆడించిన ఊళ్ళు మనవి. తరువాత కొంతకాలం కప్పకాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసి డబ్బు చేసుకున్నాము. 1987లో ప్రభుత్వం దానిని నిషేధించింది. ఆ నిషేధం పెద్ద కప్పను కాపాడింది. తోకకప్పను పట్టుకుపోయేవారు ఎవరూ లేరు గనుక దానికై చట్టం చేయాలన్న ఆలోచన కూడా రాలేదు. ప్రపంచంలోని ఉభయచర జాతులు ఎనిమిదివేలను పరిశీలించి 2023లో వెలువరించిన లెక్క ప్రకారం నూటికి నలభైయొకటి అంతరించే ప్రమాదంలో ఉన్నాయి.

ఆ సోదరికి మేము విడిగా జాబు వ్రాశాము. మిగిలిన మూడింటిని తెచ్చిన గుంటలోనే వదలడం మేలని, అబ్బాయి ఒప్పుకోకపోతే వెడల్పాటి తొట్టిలో వాననీరు పట్టి, గుంటలోని నాచు కొంత వేసి, నీడన ఉంచమని, నీటిపైకి తేలేలా ఒక రాయి తప్పక పెట్టమని సూచించాము. ఊపిరితిత్తులు వచ్చిన కప్పకు ఒడ్డు దొరకకపోతే నీటిలోనే ఊపిరాడక చస్తుంది.

అబ్బాయి ఒప్పుకోలేదు. శ్రావణమాసంలో రెండవ ఉత్తరం వచ్చింది. మూడింటిలో ఒకటి ఎందుకో పోయిందట. రెండింటికి నాలుగు కాళ్ళూ వచ్చాయి, తోక ఇంకా సగం ఉన్నది. "నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు, జబ్బు చేసిందేమోనని మావాడు దిగులుపడుతున్నాడు" అని వ్రాశారు. దిగులు అక్కరలేదని, నోరు మారుతున్న ఆ రోజులలో అది తన తోకనే కరిగించుకుని బ్రతుకుతుందని బదులిచ్చాము. ఆ జాబు సచిన్ చేరేలోపే ఒక వానరాత్రి రెండూ రాయెక్కి వెళ్ళిపోయాయని, అబ్బాయి నీళ్ళ డ్రమ్ము వెనుక రెండు రోజులు వెతికాడని తరువాత తెలిసింది.