బ్రిటన్ క్షీణత: సూయజ్‌తో మొదలుపెట్టకండి

బ్రిటన్ క్షీణత గురించి రాయమంటే మనలో చాలామంది 1956 సూయజ్ సంక్షోభంతో మొదలుపెడతాం. నేనూ అలాగే రాసేవాణ్ణి. ఇప్పుడు అది తప్పనిపిస్తోంది. అప్పటికే ఉన్న బలహీనత సూయజ్ దగ్గర బయటపడింది, అంతే.

ముందు అప్పుల పద్దు చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో భారత్ నుంచి తీసుకున్న సరుకులకు, సైనిక ఖర్చులకు బ్రిటన్ అప్పటికప్పుడు డబ్బు చెల్లించలేదు. లండన్‌లో మన పేరిట స్టెర్లింగ్ జమ రాసింది. దాన్ని హామీగా పెట్టుకుని ఇక్కడ రిజర్వ్ బ్యాంకు రూపాయి నోట్లు జారీ చేసింది. ధరలు మండిపోయాయి. 1943లో బెంగాల్‌లో లక్షలమంది ఆకలితో చనిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. యుద్ధం ముగిసేసరికి ఆ బాకీ వంద కోట్ల పౌండ్లు దాటింది. అంటే పాలితుడు రుణదాత, పాలకుడు బాకీదారు! సామ్రాజ్య భారం తామే మోశామని చెప్పుకునేవారు ఈ పద్దు ఊసెత్తరు.

మిగతా ఘటనలను దీని పక్కన పెట్టి చదవండి. 1946లో అమెరికా నుంచి 375 కోట్ల డాలర్ల రుణం. దాని షరతు ప్రకారం 1947 జులై 15 నుంచి పౌండ్లను డాలర్లలోకి మార్చుకోనిచ్చారు. డాలర్ నిల్వలు కరిగిపోవడంతో ఆగస్టు 20న ఆపేశారు. మధ్యలో ఏ తేదీ ఉందో మీకు చెప్పనక్కర్లేదు. 1949లో పౌండు విలువ 4.03 డాలర్ల నుంచి 2.80కి తగ్గించారు. సూయజ్‌లో అమెరికా సైన్యాన్ని దించలేదు, పౌండును ఆదుకోనంది. అది చాలింది.

అలాగని స్వాతంత్ర్యం అప్పుల పుణ్యమేనని రాసేయకండి. క్విట్ ఇండియా, 1946 నావికుల తిరుగుబాటు లేకపోతే, అప్పుల్లో ఉన్నా బ్రిటన్ ఇంకొన్నాళ్లు వేలాడేదేనని నా అభిప్రాయం. మలయాలో 1948 తర్వాత కూడా పోరాడింది కదా, అక్కడి రబ్బరు, తగరం డాలర్లు తెచ్చేవి మరి.

ఇంకో మాట. 'క్షీణత' అని రాసేటప్పుడు ఎవరిదో కూడా రాయండి. అదే 1948 జులైలో బ్రిటన్‌లో నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. గని కార్మికుడికి కూడా ఉచిత వైద్యం అందింది. సామ్రాజ్యం కుంగుతున్న ఆ ఏళ్లను అతను పతనం అనేవాడా? జవాబులో ఈ ప్రశ్నకు రెండు వాక్యాలైనా కేటాయించండి. అన్నట్టు, 1946 నాటి ఆ అమెరికా రుణం చివరి వాయిదా బ్రిటన్ కట్టింది 2006 డిసెంబరులో.