పదహారు విస్తళ్ళు

పెళ్ళిలో మొదటి పంక్తికి ఎవరెవరిని కూర్చోబెట్టాలన్నది పెళ్ళికొడుకును వెతకడం కన్నా కష్టమైన పని. విస్తళ్ళు లెక్కప్రకారమే ఉంటాయి. కూర్చోదగినవాళ్ళు మాత్రం అంతకు మూడింతలు ఉంటారు. లేపిన వాడూ, లేచిన వాడూ ఆ సంగతి పిల్లల తరం దాకా మరిచిపోరు.

జర్మనీలో ఇటువంటి పంక్తి ఒకటి 1963లో జరిగింది. అరవై ఏళ్ళు దాటినా అక్కడి కొన్ని ఊళ్ళలో ఆ మాట ఇంకా చల్లారలేదు. అయితే అది భోజనాల పంక్తి కాదు, ఫుట్‌బాల్ జట్ల పంక్తి. ఆటలంటే గిట్టని అమ్మలూ అక్కయ్యలూ పేజీ తిప్పెయ్యకండి. ఇందులో ఆట కొంచెమే, మనుషుల సంగతే ఎక్కువ.

రెండవ ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీని గెలిచిన నాలుగు దేశాలూ పంచుకున్నాయి. నైరుతి మూల ఫ్రాన్సు వాటాకు వచ్చింది. ఇళ్ళు కూలి, తిండికి కటకటలాడుతున్న రోజులు. ఊరి నుంచి ఊరికి పోవడమే గగనం. దేశమంతటికీ ఒకే పోటీ పెట్టే మాట ఎక్కడిది? అందుకని ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం తన ఆట తాను ఏర్పాటు చేసుకుంది. వీటికి 'ఓబర్‌లీగా' అని పేరు. పై లీగు అని అర్థం. పశ్చిమ జర్మనీ పక్షాన ఇవి అయిదు: ఉత్తరం, పశ్చిమం, దక్షిణం, నైరుతి, బెర్లిన్. అంతకన్నా పై మెట్టు లేదు. ఏడాది చివర అయిదింటిలోనూ ముందున్న జట్లు కలుసుకుని దేశపు విజేత ఎవరో తేల్చుకునేవి.

నేను చెప్పబోయేది నైరుతి లీగు కథ. ఇది 1946 నుంచి 1963 దాకా పద్ధెనిమిది పోటీలు చూసింది. అందులో పదకొండు కైజర్స్‌లౌటర్న్ గెలిచింది. సార్‌బ్రూకెన్ మూడు, పిర్మాసెన్స్ మూడు, నాయున్‌కిర్షెన్ ఒకటి. పేర్లు నోరు తిరగడం లేదు కదూ? పని పేరుతో గుర్తు పెట్టుకోండి. కైజర్స్‌లౌటర్న్ కుట్టుమిషన్ల ఊరు. పిర్మాసెన్స్ చెప్పుల ఊరు. నాయున్‌కిర్షెన్ ఇనుము, బొగ్గు ఊరు. పొద్దంతా ఫాక్టరీలో పనిచేసి, ఆదివారం పక్క ఊరివాళ్ళను ఓడించడానికి బయలుదేరే జనం వీళ్ళంతా.

సార్‌బ్రూకెన్ కథ వేరు. సార్ అంటే మన బడి మాస్టారు కాదు, ఒక నది. ఆ నది పరిసరాలను ఫ్రాన్సు జర్మనీ నుంచి విడదీసి, తన అదుపులో వేరే రాజ్యంలా ఉంచింది. దానితో ఆ ఊరి జట్టు 1948లో లీగు వదిలి, ఫ్రాన్సు రెండవ తరగతి పోటీలో అతిథిగా ఆడవలసివచ్చింది. ఆడి అందరికన్నా పైన నిలిచింది. మరి పై తరగతికి పంపారా? లేదు. అతిథి ఎంత బాగా తిన్నా ఇంటివాడు కాడు కదా! అటు చుట్టం, ఇటు పరాయి అయిపోయి, 1951లో మళ్ళీ పాత లీగుకే వచ్చింది. మరుసటి ఏడే లీగు గెలిచి, దేశపు ఆఖరి పోటీ దాకా పోయి స్టట్‌గార్ట్ చేతిలో 3-2తో ఓడింది.

ఇంతకన్నా విచిత్రం మరొకటి ఉంది. సార్ ప్రాంతానికి సొంత జాతీయ జట్టు ఉండేది. 1954 ప్రపంచకప్పులో చోటు కోసం అది పశ్చిమ జర్మనీతోనే పోటీ పడింది. రెండు ఆటలూ ఓడింది. ఆ జట్టుకు శిక్షకుడు హెల్ముట్ షోన్. ఈ పేరు మనసులో ఉంచుకోండి. 1955లో ప్రజాభిప్రాయం సేకరిస్తే సార్ జనం ఫ్రాన్సుతో కుదిరిన ఏర్పాటును కాదన్నారు. 1957 మొదటి రోజున జర్మనీలో కలిసిపోయారు.

ఇక ఈ లీగులోని మణిపూస ఫ్రిట్జ్ వాల్టర్. 1920లో కైజర్స్‌లౌటర్న్‌లో పుట్టాడు. యుద్ధంలో సైనికుడై, చివరకు సోవియట్ ఖైదీల శిబిరంలో పడ్డాడు. అక్కడ ఒక హంగేరీ కాపలావాడు, ఫలానా బుడాపెస్ట్ ఆటలో నిన్ను చూశానని ఆనవాలు పట్టాడనీ, ఆ గుర్తింపే తనను దూరదేశపు శిబిరానికి పోకుండా కాపాడిందనీ ఆయనే చెప్పుకున్నాడు. 1945 చివర ఇల్లు చేరాడు. వచ్చి, చెదిరిన ఊరి జట్టును మళ్ళీ పోగుచేశాడు.

ఆ రోజుల్లో ఆటగాడి జీతానికి కట్టడి ఉండేది. నెలకు 320 మార్కులు మించరాదు. ఫ్రిట్జ్‌కు 1951లో స్పెయిన్ నుంచి అట్లెటికో మాడ్రిడ్ క్లబ్బు పెద్ద మొత్తం ఇస్తానంది. ఆయన భార్య ఇటాలియాతో ఆలోచించుకుని, ఊరు విడిచి రానన్నాడు. ఇంటి ఖర్చుకు లాండ్రీ, సినిమాహాలు నడుపుకున్నాడు. ఇది చదివి కొందరు 'ఎంత వెర్రివాడు!' అనుకోవచ్చు. కాని ఆ ఊరు ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటున్నదంటే ఆ వెర్రి వల్లనే.

1954 మే నెలలో దేశపు ఆఖరి పోటీలో కైజర్స్‌లౌటర్న్‌ను హనోవర్ జట్టు 5-1తో చిత్తు చేసింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. జాతీయ శిక్షకుడు హెర్బర్గర్ మాత్రం చలించలేదు. ఓడిన ఆ జట్టు నుంచే అయిదుగురిని ప్రపంచకప్పుకు తీసుకుపోయాడు. ఫ్రిట్జ్, ఆయన తమ్ముడు ఒట్మార్, లీబ్రిష్, కోల్మైయర్, ఎకెల్. గెలిచిన హనోవర్ నుంచి ఒక్కరినీ తీసుకోలేదు. ఆరు వారాల తరవాత, జూలై 4న, బెర్న్ నగరంలో వాన కురుస్తూండగా, నాలుగేళ్ళుగా ఓటమి ఎరగని హంగేరీని జర్మనీ 3-2తో గెలిచింది. లక్ష జనం కూడా లేని ఊరివాళ్ళు అయిదుగురు ఆ పదకొండు మందిలో ఉన్నారు.

అయితే అన్ని రోజులూ ఒక్కలా ఉండవు. అయిదు చోట్ల చెదిరిన పోటీలో గట్టి జట్లకు గట్టి ఎదురు దొరకడంలేదన్నారు. జీతం చాలని మంచి ఆటగాళ్ళు ఇటలీకి పోసాగారు. 1962లో చిలీ ప్రపంచకప్పులో జర్మనీ యుగోస్లావియా చేతిలో ఓడి మధ్యలోనే ఇంటిదారి పట్టింది. కొద్ది వారాలకే, జూలై 28న, డోర్ట్‌మండ్‌లో ప్రతినిధులు కూడి అనుకూలంగా 103, వ్యతిరేకంగా 26 ఓట్లతో ఒకే దేశీయ లీగు పెట్టాలని తీర్మానించారు. అదే బుండెస్‌లీగా.

అందులో విస్తళ్ళు పదహారు. అడిగిన క్లబ్బులు నలభై ఆరు. పన్నెండేళ్ళ ఫలితాలు, డబ్బు స్థితి, మైదానం వసతి చూసి ఒక సంఘం నిర్ణయిస్తుందన్నారు. ఊరికి ఒక్కటే అన్నారు. అందువల్ల మ్యూనిక్ నగరంలో ఇప్పుడు జగమెరిగిన బయర్న్ క్లబ్బుకు కూడా ఆనాడు చోటు దక్కలేదంటే నమ్ముతారా? నైరుతికి రెండు విస్తళ్ళు వేశారు. ఒకటి కైజర్స్‌లౌటర్న్‌ది. దానిమీద తగాదా లేదు. రెండవది ఎవరిది?

మూడేళ్ళు వరసగా, 1958 నుంచి 1960 దాకా, లీగు గెలిచిన పిర్మాసెన్స్ మాదే అంది. 1962 విజేత నాయున్‌కిర్షెన్ మాదే అంది. సంఘం 1963 జనవరిలో, పోటీ సగంలో ఉండగానే, సార్‌బ్రూకెన్‌ను పిలిచింది. సీజను ముగిసేసరికి సార్‌బ్రూకెన్ కన్నా నాయున్‌కిర్షెనే పైన ఉంది. పన్నెండేళ్ళ లెక్కలో మూడింటికీ తేడా స్వల్పమే కాబట్టి సంఘం చేసింది శుద్ధ అన్యాయమని చెప్పలేము. కాని సార్ ఫుట్‌బాల్ సంఘం పెద్ద ఆ నిర్ణాయక సంఘంలో ఉండడంతో జనానికి అనుమానం వచ్చింది. తూకం సరిగా వేసినా, త్రాసు పట్టినవాడు ఒకరి చుట్టమైతే లోకం నమ్మదు.

తీర్పు మైదానమే చెప్పింది. మొదటి ఏడాది సార్‌బ్రూకెన్ అందరికన్నా అట్టడుగున నిలిచి దిగిపోయింది. అదే 1964లో నాయున్‌కిర్షెన్ ప్రవేశపోటీలో బయర్న్‌ను కూడా వెనక్కి నెట్టి పైకి ఎక్కింది. మూడు సీజన్లు ఆ పంక్తిలో కూర్చుంది.

కొత్త లీగు వల్ల జర్మనీ ఆట బాగుపడిందా అంటే, పడింది. 1974లో ప్రపంచకప్పు మళ్ళీ గెలిచింది. అప్పటి శిక్షకుడెవరో తెలుసా? సార్ జట్టుకు శిక్షకుడుగా ఉన్న ఆ హెల్ముట్ షోనే.

నన్నడిగితే, ఆ సంఘం చేసిన మంచిపని ఒకటి ఉంది. పంక్తిని మూసెయ్యకుండా, ఏటా దిగేవాడు దిగి ఎక్కేవాడు ఎక్కేలా తలుపు తెరిచి ఉంచింది. ఎంపికలో పొరపాటు జరగని కమిటీ లోకంలో లేదు. మన బళ్ళలో, ఉద్యోగాల్లో, ఆఖరికి ఇళ్ళలో కూడా లేదు. పొరపాటును దిద్దుకునే దారి ఉన్నదా లేదా అన్నదే చూడవలసింది.

కాని ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు. చెప్పులు కుట్టే పిర్మాసెన్స్ పలుమార్లు ప్రవేశపోటీ దాకా వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. ఒక్కసారీ బుండెస్‌లీగాలో ఆడలేదు. అయినా వరసగా మూడేళ్ళు తన ప్రాంతంలో అందరికన్నా పై మెట్టున నిలిచిన సంగతి ఎవరూ చెరపలేరు. ఆ మెట్టునే తరవాత తీసేశారు, పాపం.