విమానపు మైళ్ల బేరము

అమెరికాలోని బిడ్డలను జూడబోవు తల్లులు మనలో ననేకులు గలరు. సగము ధరకే టిక్కెట్టు నిప్పింతుమని ఇంటర్నెట్టులో గనబడు ప్రకటనలు వారి కాశ గొల్పుచుండును. అందలి మర్మ మెరుగుట మేలు.

తరచుగా పయనించువారికి విమానకంపెనీలు మైళ్ల లెక్కను బహుమానము లిచ్చును. అమెరికన్ ఎయిర్‌లైన్సువారు 1981లో నీ పద్ధతి నారంభించిరి. ఆ మైళ్లతో బంధువులకు టిక్కెట్టు తీసి యీయవచ్చును గాని, మైళ్లను విక్రయింపరాదని పెక్కు కంపెనీల నిబంధన. దళారు లొకరి ఖాతాలోని మైళ్లను గొని, వేరొకరి పేర టిక్కెట్టు తీయింతురు. సంగతి బయల్పడెనా, కంపెనీవారు టిక్కెట్టును రద్దు చేయవచ్చును. అమ్మినవాని ఖాతాను మూయవచ్చును. దొంగిలించిన ఖాతాల మైళ్లు సైతము విక్రయమగుట కలదు.

మన మైళ్లు మన సొత్తు గావా యందురేమో! పెక్కు నిబంధనలు కావనియే చెప్పుచున్నవి. మాటిమాటికి ఫిర్యాదులు చేయుచున్నాడని సభ్యత్వము తొలగింపబడిన యొక ప్రయాణికుని వ్యాజ్యమున, 2014లో అమెరికా సుప్రీముకోర్టు సైతము నార్త్‌వెస్ట్ కంపెనీ పక్షముననే తీర్పు చెప్పెను.

పరదేశపు విమానాశ్రయమున నర్ధరాత్రమున టిక్కెట్టు చెల్లదన్నచో, భాష రాని తల్లి గతి యేమి? కావున టిక్కెట్టును కంపెనీయొద్దనే కొనుడు. కూతురో కొడుకో తన మైళ్లతో స్వయముగా తీసి పంపిన మరియు మేలు. పాస్‌వర్డు మాత్ర మెవ్వరికిని జెప్పకుడు.